మనోవీథి: ఆలోచన ముందా, ఆవేదన ముందా?

ఈ శీర్షికకు పాఠక మిత్రులు రాస్తున్న ఉత్తరాలలో కొంతకాలంగా ఒకే సందేహం పలు రూపాలలో కనబడుతున్నది. "కౌన్సెలింగ్‌లో చేసేదల్లా మాట్లాడడమే కదా, మాటలతో గుండె బరువు దిగుతుందా?" అని ఒక సోదరి అడిగారు. "ఆ మాటలేవో మా నాన్నగారు ఇంతకన్నా బాగా చెబుతారు" అని మరొక మిత్రులు చమత్కరించారు. మూడవ ఉత్తరం కాస్త ఘాటుగానే ఉన్నది. "నాకు రావలసిన పదోన్నతి మరొకరికి పోయింది. ఆ బాధలో ఉన్న నన్ను ఆలోచన మార్చుకోమనడం ఏ న్యాయం?" అని ఆ మిత్రులు నిలదీశారు. మూడు ప్రశ్నలూ సమంజసమైనవే. మూడవది మరీ సమంజసమైనది. మనోచికిత్సలో ఆలోచనకు, ఉద్వేగానికి ఉన్న సంబంధాన్ని కాస్త వివరంగా చూస్తే తప్ప వీటికి సమాధానం దొరకదు గనుక ఈ సంచికలో ఆ పనికే పూనుకుంటున్నాము.

కర్మాగారాలలో పనిచేసేవారికి పరిచయమైన విషయంతోనే మొదలుపెడదాము. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం వస్తుంది. ఆ సందర్భంగా ఆడిటోరియంలో ప్రమాదాల చిత్రాలు ప్రదర్శించడం మనకు అలవాటు. వాటిని చూడలేక కళ్ళు మూసుకునేవారున్నారు, పల్లీలు నములుతూ చూసేవారూ ఉన్నారు. 1965లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లాజరస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు సరిగ్గా ఇటువంటి చిత్రంతోనే ఒక పరిశోధన ప్రకటించారు. వడ్రంగి పనిశాలలో జరిగే మూడు ప్రమాదాలు ఆ చిత్రంలో ఉన్నాయి. ఒకరి వేళ్ళ కొసలు చీరుకుపోతాయి. మరొకరి వేలు తెగిపోతుంది. చివరిదానిలో రంపం నుంచి విసురుగా ఎగిరివచ్చిన చెక్క తగిలి ఒక మనిషి ప్రాణమే పోతుంది. చిత్రం వేయడానికి ముందు కొందరు ప్రేక్షకులకు, వీరంతా నటులనీ, నిజంగా ఎవరికీ దెబ్బ తగలలేదనీ చెప్పారు. మరికొందరిని నిర్లిప్తంగా, పరిశీలకుల దృష్టితో చూడమన్నారు. ఇంకొందరికి అటువంటి మాటలేవీ చెప్పలేదు. గుండె వేగాన్నీ, చెమట పట్టడం వల్ల చర్మపు విద్యుద్వాహకతలో కలిగే మార్పునూ కొలిచినప్పుడు మొదటి రెండు బృందాలవారిలో అలజడి తక్కువగా నమోదైంది. తెర మీద రంపం ఒక్కటే, రక్తం ఒక్కటే. దానికి మనసు ఇచ్చుకున్న అర్థం మాత్రం వేరు. ఆ అర్థాన్ని బట్టి గుండె కూడా వేరుగా కొట్టుకున్నది.

ఇందులో కొత్త ఏమున్నది అని మన పెద్దలు అనవచ్చు. చీకట్లో తాడును చూసి పాము అని భయపడ్డవాడి ఉపమానం వేదాంత గోష్ఠులలో ఎన్నిసార్లు వినలేదు? భగవద్గీత రెండవ అధ్యాయంలో విషయ చింతన నుంచి ఆసక్తి, దాని నుంచి కోరిక, కోరిక నుంచి క్రోధం ఎలా పుట్టుకొస్తాయో మెట్లు మెట్లుగా చెప్పబడింది. ఆ వరుసలో మొట్టమొదటి మెట్టు ఆలోచనే. పతంజలి యోగసూత్రాల సాధనపాదంలో, బాధించే తలపులకు ప్రతిపక్షభావన అనే విరుగుడు సూచించబడింది. రోము సామ్రాజ్యంలో బానిసగా జీవితం ఆరంభించిన ఎపిక్టెటస్ అనే తత్వవేత్త కూడా మనిషిని కలత పెట్టేవి సంఘటనల కన్నా వాటిని గురించిన అతని అభిప్రాయాలే అన్న అర్థంలో బోధించాడు. అయితే మనకు అంతా ముందే తెలుసునని చంకలు గుద్దుకోవడం మా అభిమతం కాదు. అది తాడేనని గట్టు మీద నిలబడినవాడు ఎంత అరిచినా భయపడ్డవాడి గుండెదడ తగ్గదు. దీపం తెచ్చి, అతని చేతికే ఇచ్చి, అతని కళ్ళతోనే చూడనివ్వాలి. ఆ దీపం పట్టే పద్ధతిని గత శతాబ్దపు మనోచికిత్సకులు కొంత శ్రమపడి కనుగొన్నారు.

వారిలో ముఖ్యులు ఆరన్ బెక్. 1921లో జన్మించి నూరేళ్ళు నిండిన తరువాత 2021లో కన్నుమూసిన ఈ వైద్యుడు ఫిలడెల్ఫియాలో పనిచేశారు. తొలుత ఆయన ఫ్రాయిడ్ మార్గంలో శిక్షణ పొందినవారు. కుంగుబాటుకు మూలం తన మీదికే తిరిగిన కోపమని ఆ మార్గం చెబుతుంది. దానిని రుజువు చేయాలని రోగుల కలలను పరిశీలించిన బెక్‌కు వాటిలో కోపం జాడ అంతగా కనబడలేదు; ఓటమి, నష్టం, తిరస్కారమే కనబడ్డాయి. సిద్ధాంతానికి సరిపడని ఆధారం దొరికినప్పుడు ఆధారాన్ని పక్కన పెట్టేవారే లోకంలో ఎక్కువ. బెక్ సిద్ధాంతాన్ని పక్కన పెట్టారు.

ఆయన చెప్పిన ఒక అనుభవం మాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. ఒక రోగి తన ఆంతరంగిక జీవితాన్ని గురించి చెబుతూ బాగా అసౌకర్యంగా కదులుతున్నారు. విషయం అటువంటిది గనుక సిగ్గుపడుతున్నారని బెక్ భావించారు. తీరా అడిగితే, "నా మాటలతో ఈ డాక్టరుగారికి విసుగు పుట్టిస్తున్నానేమో" అన్న తలపు ఆమె మనసులో మొదటి నుంచీ తిరుగుతున్నదట! నోటితో చెబుతున్న కథ ఒకటి, లోపల నడుస్తున్న వ్యాఖ్యానం మరొకటి. ఆ లోపలి వ్యాఖ్యానాన్ని పిలవకుండానే వచ్చే ఆలోచన అని బెక్ గుర్తించారు. అది క్షణంలో మెరిసి మాయమవుతుంది. దాని వెనుక వచ్చిన బాధ మాత్రం మిగిలిపోతుంది. అందుచేతనే మనకు బాధ కనబడుతుంది గాని దానిని తెచ్చిన మాట కనబడదు.

దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ మరొక దారిలో ఇదే చోటికి చేరుకున్నారు. ఎపిక్టెటస్‌ను శ్రద్ధగా చదివిన ఈయన పద్ధతి కొంచెం మొరటుది. పంతొమ్మిదేళ్ళ వయసులో స్త్రీలతో మాట్లాడాలంటే ఆయనకు విపరీతమైన బెరుకు ఉండేది. ఒక నెల పాటు రోజూ నగరంలోని ఉద్యానవనానికి వెళ్ళి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి స్త్రీనీ పలకరించాలని నియమం పెట్టుకున్నారు. ఆయన లెక్క ప్రకారం 130 మంది తారసపడ్డారు. 30 మంది లేచి వెళ్ళిపోయారు. మిగిలిన 100 మందితో మాట్లాడారు. వారిలో ఒక్కరు మళ్ళీ కలుస్తామని మాట ఇచ్చి, రాలేదు. ఫలితం చూస్తే సున్న. కాని ఎవరూ కొట్టలేదు, పోలీసులను పిలవలేదు, ఆకాశం విరిగి మీద పడలేదు. తిరస్కారం భరించరానిదన్న నమ్మకం ఆ నెలలో సడలిపోయింది. (ఈ ప్రయోగాన్ని మన యువ ట్రైనీలు యథాతథంగా ఆచరించవద్దని మనవి. నేడు దాని పర్యవసానాలు వేరుగా ఉంటాయి.)

ఇంతకూ కౌన్సెలింగ్ గదిలో జరిగేదేమిటి? ఒక ఉదాహరణ చెబుతాము. ఇది ఏ ఒక్కరి కథా కాదు; విషయం తెలియడానికి మేము కల్పించినది. మరమ్మతుల విభాగంలో ఇరవై రెండేళ్ళ సర్వీసు గల ఒక ఫోర్‌మన్. పదోన్నతుల జాబితాలో ఆయన పేరు లేదు, ఆయన దగ్గర పని నేర్చుకున్న జూనియర్ పేరు ఉన్నది. ఆ నాటి నుంచి నిద్ర లేదు. క్లబ్బుకు వెళ్ళడం మానేశారు. ఇంట్లో అన్నం దగ్గర కూడా విసుగే. భార్య బలవంతం మీద కౌన్సెలర్ ఎదుట కూర్చున్నారు.

"జాబితా చూసిన క్షణంలో మీ మనసులో ఏం మెదిలింది?" అని ఆమె అడిగారు.

"ఏం మెదులుతుంది మేడం? బాధ."

"బాధ సరేనండీ. ఆ బాధతో పాటు ఏ మాట వచ్చింది?"

ఆయన చాలాసేపు కిటికీ వైపు చూశారు. "నా ఇరవై రెండేళ్ళూ వృథా అయిపోయాయి అనుకున్నాను. పిల్లల ముందు ఇక తలెత్తుకోలేను అనుకున్నాను."

"ఆ మాట ఎంత నిజమని మీకు అనిపిస్తున్నది? నూటికి ఎంత వేస్తారు?"

"తొంభై అయిదు."

ఇక్కడే మన ఇంటి పెద్దలకు, శిక్షణ పొందిన కౌన్సెలర్‌కు తేడా తెలుస్తుంది. పెద్దలైతే "పోనీలేరా, అంతా మన మంచికే" అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమ విలువైనదే గాని, వృథా అన్న మాట లోపల అలాగే ఉండిపోతుంది. కౌన్సెలర్ ఆయనను ఓదార్చలేదు, ఆయనతో వాదించనూ లేదు. ఒక కాగితం ఇచ్చి, లాగ్ బుక్కులో ఎంట్రీ వేసినట్టు రెండు వైపులా రాయమన్నారు. ఇరవై రెండేళ్ళూ వృథా అనడానికి ఆధారాలేమిటి, కాదనడానికి ఆధారాలేమిటి? మొదటి వైపు ఒక్క వాక్యమే వచ్చింది: జాబితాలో పేరు లేదు. రెండవ వైపు రాయడానికి ఆయన మొదట ఇష్టపడలేదు. తరువాత ఒక్కొక్కటే వచ్చాయి. తుపాను రాత్రి ఆగిపోయిన పంపును తెల్లవారేలోగా నడిపించిన సంగతి. తన షిఫ్టులో ఇంతవరకు పెద్ద ప్రమాదం జరగని సంగతి. తాను నేర్పితే ఎదిగిన కుర్రాళ్ళు. వారిలో ఈ జూనియర్ కూడా ఒకరు. ఆ పేరు రాసేటప్పుడు ఆయన కలం కాసేపు ఆగింది.

మళ్ళీ అడిగినప్పుడు ఆయన వేసిన అంకె 50. బాధ పోలేదు. పోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. పదోన్నతి రాకపోవడం నష్టమే, నష్టానికి విచారం కలగడం సహజమే. జీవితం మొత్తం మీద పడిన ముద్ర మాత్రం ఒక్క జాబితా మీదికి కుదించుకున్నది. విచారంతో మనిషి పనికి వెళ్ళగలడు, పిల్లలతో మాట్లాడగలడు. నేను వృథా అన్న తీర్పుతో వెళ్ళలేడు.

ఇటువంటి తీర్పులకు కొన్ని మూసలుంటాయని బెక్, ఆయన శిష్యులు గమనించారు. ఉదయం పలకరిస్తే డీజీఎంగారు తల తిప్పుకున్నారు, కాబట్టి నా మీద ఏదో మనసులో పెట్టుకున్నారు అనుకోవడం ఒక మూస. ఆయనకు ఆ ఉదయం బాయిలర్ ఆగిపోయిన కబురు అంది ఉండవచ్చు. ఎదుటివారి మనసు చదివే విద్య మనకెవరికీ రాదు. ఒక పరీక్ష తప్పిన కుర్రవాడు తాను దేనికీ పనికిరానని తేల్చుకోవడం మరొకటి. ఫోను రెండుసార్లు మోగి ఎత్తకపోతే ఆసుపత్రి దాకా ఊహించుకునే తల్లిదండ్రుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ మూసలు మన అందరిలోనూ ఉన్నవే. కుంగుబాటులో ఉన్నవారిలో అవి గట్టిపడి, వాటికి విరుద్ధమైన ఆధారాన్ని లోపలికి రానివ్వవు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. రైల్వే బుక్ స్టాళ్ళలో అమ్ముడుపోయే వ్యక్తిత్వ వికాస గ్రంథాలు చెప్పే సానుకూల దృక్పథం, మేము చెబుతున్న చికిత్స ఒకటి కావు. అద్దంలో చూసుకుంటూ "నేను విజేతను" అని రోజూ పదిసార్లు అనుకోమని శిక్షణ పొందిన కౌన్సెలర్ చెప్పరు. తీయని అబద్ధం కూడా అబద్ధమే. మొదటి దెబ్బకే అది చెదిరిపోతుంది. కౌన్సెలర్ వెతికేది నిజమైన ఆలోచన కోసం. ఆ నిజం ఒక్కొక్కసారి చేదుగా కూడా ఉంటుంది.

మూడవ ఉత్తరం రాసిన మిత్రులకు మేము చెప్పదలచినది కూడా ఇదే. ఆధారాలు పరిశీలిస్తే అన్యాయం నిజంగానే జరిగిందని తేలవచ్చు. అప్పుడు మార్చవలసింది ఆలోచనను కాదు. ఉద్యోగికి ఇచ్చిన వార్షిక పనితీరు నివేదికలోని ప్రతి ఎంట్రీనీ అతనికి తెలియజేయాలనీ, దానిపై విన్నవించుకునే అవకాశం ఇవ్వాలనీ 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు కూడా ఇది వర్తిస్తుందని అందులోనే స్పష్టం చేసింది. నివేదిక చూసుకోండి, గడువులోగా వినతిపత్రం ఇవ్వండి. నా వల్ల ఏమవుతుంది అన్న తలపుతో కూర్చున్నవారు ఆ గడువు దాటనిస్తారు. తల తేటపడినవారు రాస్తారు. వేధింపుల ఫిర్యాదుతో వచ్చినవారిని సర్దుకుపొమ్మని చెప్పడానికి ఏ యాజమాన్యమైనా కౌన్సెలింగ్‌ను వాడుకుంటే అది ఆ విద్యను అవమానించడమే. విరిగిన నిచ్చెన మీద పనిచేస్తున్నవాడి భయం ఆలోచనా దోషం కాదు. నిచ్చెన మార్చాలి.

ఆలోచనకు మరి కొన్ని హద్దులు కూడా ఉన్నాయి. 1980లో రాబర్ట్ జాయంక్ అనే శాస్త్రవేత్త, ఇష్టాయిష్టాలు ఆలోచన కన్నా ముందే పుట్టవచ్చునని వాదించారు. పైన చెప్పిన లాజరస్ దానిని ఖండించారు. ఆ వివాదం కొన్నేళ్ళ పాటు పత్రికలలో నడిచింది. వెనుక నుంచి హారన్ మోగితే ఎగిరి గంతేయడానికి ఆలోచనతో పని లేదన్నది మన అనుభవమే. ఆ తరువాత అరగంట పాటు ఆ డ్రైవరును తిట్టుకుంటూ ఉండడానికి మాత్రం చాలా ఆలోచన కావాలి! వరుసగా నైట్ షిఫ్టులు చేసినవారి చిరాకుకు, థైరాయిడ్ లోపం ఉన్నవారి నిస్పృహకు మూలం శరీరంలో ఉండవచ్చు. మొదట రక్తపరీక్ష, నిద్ర. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖంలో సరిదిద్దవలసిన తప్పు ఏదీ లేదు. ఆమె పక్కన కూర్చోవాలి, అంతే. తీవ్రమైన కుంగుబాటులో, ఉన్మాద లక్షణాలలో మానసిక వైద్యుల మందులు తప్పనిసరి. మందులు, మాటలు ఒకదానికొకటి పోటీ అనుకోవడం పొరపాటు.

ఇదంతా చదువుకున్న పాశ్చాత్యులకు సరే, మన దేశాలవారికి నప్పుతుందా అనే శంక ఒకటి మిగిలి ఉన్నది. దీనికి సమాధానం మన పొరుగునే, పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా గ్రామాలలో దొరికింది. ఆతిఫ్ రహమాన్ బృందం అక్కడ కుంగుబాటుతో ఉన్న 903 మంది గర్భిణులతో చేసిన అధ్యయనాన్ని 2008లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. చికిత్స చేసినవారు డాక్టర్లు కారు, మనస్తత్వ నిపుణులూ కారు. మన ఆశా కార్యకర్తల వంటి గ్రామ ఆరోగ్య కార్యకర్తలు. కొద్దిరోజుల శిక్షణతో, బొమ్మల పుస్తకం చేతబట్టి ఇళ్ళకు వెళ్ళారు. మీకు మానసిక జబ్బు ఉన్నదని వారు చెప్పలేదు. బిడ్డ బాగా ఎదగడానికి తల్లి మనసు ఎలా ఉండాలో మాట్లాడుకుందాం అన్నారు. దానితో అత్తగార్లు కూడా తలుపు తీశారు. పనికిరాని తలపును గుర్తించడం, దాని స్థానంలో మరొక తలపును నిలపడం, ఆ తలపుకు తగిన పని ఒకటి చేయడం, ఇదే అక్కడ నేర్పిన పాఠం. ప్రసవమైన ఆరు నెలలకు, ఈ విధంగా సహాయం పొందిన తల్లులలో 23 శాతం మంది మాత్రమే కుంగుబాటులో ఉన్నారు. ఊరికే ఇళ్ళకు వెళ్ళి పలకరించి వచ్చినచోట అది 53 శాతం. రెండు చోట్లా కార్యకర్త అన్నిసార్లే వెళ్ళింది. పలకరింపుకు, పద్ధతి గల పలకరింపుకు ఉన్న దూరం ఆ రెండు అంకెల మధ్య ఉన్నది. శిశువుల బరువులో మాత్రం ఆశించినంత తేడా రాలేదు. ఆ సంగతిని కూడా వారు దాచలేదు. ఈ విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కరదీపికగా వెలువరించింది.

కౌన్సెలర్ గది మెట్లెక్కితే "మెంటల్" అన్న పేరు పడుతుందనీ, పర్సనల్ ఫైలులోకి ఎక్కుతుందనీ మన కాలనీలలో ఉన్న భయం మాకు తెలియనిది కాదు. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు రోగికి ఉన్నది. చట్టం పేర్కొన్న కొద్ది సందర్భాలు ఇందుకు మినహాయింపు. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకు కూడా ఆరోగ్య బీమా వర్తింపజేయాలని అదే చట్టం నిర్దేశించింది. మెడికల్ క్లెయిము తిరస్కరించబడితే ఈ సంగతి గుర్తుంచుకోగలరు.

ఎవరికీ తెలియకుండా మాట్లాడదలచినవారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలిమానస్ ఉన్నది. నంబరు 14416. రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు. బతికి ప్రయోజనం లేదన్న తలపు ఎవరికి వచ్చినా, ఇంట్లో ఎవరి నోట విన్నా, లాగ్ బుక్కులూ ఆధారాలూ తరువాత; వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆ నంబరుకు ఫోను చేయండి, లేదా సమీపంలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నైట్ షిఫ్టు నిద్ర గురించి నలుగురైదుగురు పాఠకులు అడిగారు. దానిని వచ్చే సంచికలో చేపడతాము. ఉత్తరాలు పంపేవారు పేరు, టోకెన్ నంబరు రాయనవసరం లేదు.